అయితే మాస్టారు

సగం బెంచీలు అప్పటికే గోడవారకు చేరాయి. మిగిలినవాటిని ఆయన ఒక్కొక్కటే ఈడుస్తున్నాడు. ఎత్తి పక్కన పెట్టే ఓపిక ఎప్పుడో పోయింది. ఇప్పుడంతా ఒక కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగడమే. ఇనుప కాళ్ళు గచ్చు మీద కీచుమన్నప్పుడల్లా పక్కగదిలో లెక్కల టీచరు పళ్ళు నూరుకుంటుందని ఆయనకు తెలుసు. నూరుకోనీ. ఆవిడ లెక్కలకు బెంచీలు కావాలి, ఈయన పాఠానికి నేల కావాలి, ఇన్నేళ్ళుగా ఇద్దరూ ఎలాగో సర్దుకుపోతున్నారు.

బెంచీలయ్యాక చాపలు, చాపలయ్యాక ముక్కాలిపీట. ఆ పీట మీద కూర్చుంటే ఆయన తల పిల్లల తలలకంటే ఏమాత్రమో పైకి ఉంటుంది, అంతే. కుర్చీలో కూర్చుంటే పిల్లలు జవాబు కోసం తన మొహంలోకి చూస్తారని, నేలకు దగ్గరగా కూర్చుంటే ఒకరి మొహాల్లోకి ఒకరు చూసుకుంటారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మాటెలా ఉన్నా, సాయంత్రమయ్యేసరికి నడుము మాత్రం ఆయన మాట వినేది కాదు.

ఆ గది నిజానికి గదీ కాదు. వరండా చివర, జనరేటరును ఆనుకుని, బడికి పనికిరానివన్నీ పడేసే చోటు. కాలు విరిగిన బల్లలు, సొట్టపడిన గ్లోబు, ఎప్పటిదో వార్షికోత్సవానికి కట్టిన అట్టముక్కల కోట, వాటితోపాటు ఈయన. ఈ మాట వేరెవరో వెక్కిరించి అన్నది కాదు. స్టాఫ్‌రూములో ఆయనే అని, ఆయనే ముందుగా నవ్వేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పొడుగు మనిషి పొట్టి పీట మీద కూర్చుంటే ఎలా ఉంటుంది? మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. ఆ మోకాళ్ళ మీద మోచేతులు, అరచేతుల్లో గడ్డం, కొద్దిగా తెరుచుకున్న నోరు. వినేటప్పుడు అదీ ఆయన వాలకం. చిన్నపిల్లలు ఇంటికెళ్ళి అమ్మల ముందు అచ్చం అలాగే కూర్చుని చూపించేవాళ్ళట. చొక్కా కాలరు అరిగితే భార్య తిరగేసి కుట్టేది. బెల్టుకు మేకుతో అదనంగా పొడిచిన కన్నం ఒకటి ఉండేది. ఈమధ్యే దాని పక్కన ఇంకొకటి పొడవాల్సి వచ్చింది.

పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు అయితే మాస్టారు. కథ చెబుతూ చెబుతూ సరిగ్గా అందరూ ఊపిరి బిగబట్టిన చోట ఆపేసి, "అయితే?" అనేవాడు. ఇక ఆ కథ ఆయన నోట ఒక్క అడుగు కదలదు. కాళ్ళావేళ్ళా పడినా చెప్పడు. అక్కణ్ణుంచి మాట్లాడాల్సింది పిల్లలు. ఒకసారి ఒక తల్లి, కథ చివరికేమైందో చెబితే గానీ మావాడు ముద్ద ముట్టడం లేదు, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండని బడికే వచ్చింది. నాకూ తెలియదమ్మా అన్నాడాయన. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. పాపం, ఆయన నిజమే చెప్పాడు.

ఆయన దగ్గర ఉన్న చట్టం ఒక్కటే. నీ మాట చెప్పాలంటే, ముందు నీకంటే ముందు మాట్లాడినవాడి మాట చెప్పాలి. చెప్పి, "అంతేనా?" అని వాణ్ణే అడగాలి. వాడు "అంతే" అంటేనే నీ వంతు. "అంతే కాదు" అంటే మళ్ళీ మొదటికి. వినడానికి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది గానీ, కొట్టుకుందామని లేచిన ఇద్దరు మగపిల్లలు ఒకరి మాట ఒకరు సరిగ్గా చెప్పలేక చెమటలు కక్కడం, చివరికి ఎందుకు లేచారో మరిచిపోయి కూర్చోవడం ఆ గది చాలాసార్లు చూసింది. ఇంకొక పద్ధతి కూడా ఉండేది. ఒక వారం కథ, మరుసటి వారం వాదన. మొండి మరక ఉన్న బట్టను నానబెట్టకుండా ఉతికితే ఏం లాభం అనేవాడు.

కాలేజీలో ఆయన తత్త్వశాస్త్రం చదివాడు. ఆ చదువు చూసి ఉద్యోగమిచ్చే నాథుడు దొరక్క ఈ బడిలో గుమాస్తాగా చేరాడు. టీచరు రాని తరగతిలో పిల్లలు గోల చేయకుండా చూడమని పంపితే, వెళ్ళి కథలు చెప్పి ప్రశ్నలు వేసేవాడు. ఒకనాడు బడి పెట్టిన పెద్దాయన కిటికీ బయట నిలబడి చాలాసేపు విన్నాడు. మర్నాడు గుమాస్తా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు, టైంటేబుల్లో ప్రతి తరగతికీ వారానికొక పీరియడు కొత్తగా చేరింది. దాని పేరు మాత్రం "నీతి" అని వేశారు. ఆ గదిలో ఆయన ఒక్క నీతీ బోధించి ఎరగడు. ఆ పేరు చూసినప్పుడల్లా ఇతరుల చొక్కా తొడుక్కున్నట్టు ఇబ్బంది పడేవాడు గానీ, మార్చమని అడగడానికి మొహమాటం.

పెద్దాయన పోయాడు. కొడుకులు బడిని ఊరూరా బళ్ళున్న ఒక సంస్థకు అమ్మేసి చేతులు దులుపుకున్నారు. సంస్థ మనుషులు చెడ్డవాళ్ళు కారు. ఏ పీరియడులో పిల్లలకు ఏం వచ్చిందో చూపించమంటారు, అంతే. టీచర్లందరూ చూపించారు. ఈయన దగ్గరకొచ్చేసరికి చూపించడానికి ఏముంది? పిల్లలు ఇదివరకు ఖాయంగా తెలుసనుకున్నవి ఇప్పుడు తెలియవంటున్నారు అని చెప్పుకుంటే నవ్వుతారు.

అందుకే, ఇలా బెంచీలు ఈడుస్తున్న ఈ రోజు మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి ఆరో తరగతి పీరియడులో కూర్చుని చూస్తారు. బాగుందంటే ఉంటుంది. లేదంటే ఆ గంట లెక్కల అభ్యాసానికి పోతుంది, ఈయన బస్సుల అజమాయిషీకి వెళతాడు. ప్రిన్సిపాలు మేడమ్ ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహంలోకి చూడలేక బల్ల మీది పేపరువెయిటును అటూ ఇటూ తిప్పింది. బస్సుల దగ్గర నిలబడటం ఆయనకు నామోషీ కాదు. ఆయన బెంగ వేరే.

ఆయన చెప్పే కథల్లో ఒక బావి కథ ఉంది. బీడు పడిన నేల మధ్య ఒకే ఒక బావి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన సంగతి ఏదో, అది ఆనవాలైనా లేకుండా మరుపున పడిపోతుంది. బావికొక కాపలావాడు. ఒక మధ్యాహ్నం ఒక తల్లి వచ్చింది. కొడుకును మట్టిలో పెట్టి వస్తోంది. నాలుక పిడచకట్టుకుపోయింది. చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క నీరు లేదు. దోసిలి పట్టింది. ఆ నీళ్ళ గుణం ఆమెకు తెలియదు, కాపలావాడికి తెలుసు. చేద అతని చేతిలోనే ఉంది. అయితే?

ఈ కథ ఆయన ఎక్కడా చదవలేదు. ఆయనకూ ఒక కొడుకు ఉండేవాడు. నడక వచ్చి, ఇల్లంతా గిన్నెలు దొర్లించుకుంటూ తిరుగుతున్న రోజుల్లో జ్వరమొచ్చి పోయాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చాలా ఏళ్ళకు ఒకరోజు భార్యకు ఈ కథ చెప్పాడు. కుట్టుమిషను తొక్కుతున్న ఆమె కాళ్ళు ఆగిపోయాయి. దారం తెగిందని చెప్పి సూది మీదికి వంగింది. దారం తెగలేదు. ఆయన అది చూశాడు.

అందుకని ఆ కథ పిల్లలకు చెప్పేవాడు. పరీక్ష పెట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. ఏటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్ళు. తాగితే కొడుకు రెండోసారి చచ్చిపోతాడు కదా అని ఒకడు. ముందు కాపలావాడే తాగి చూడాలని ఒకడంటే, తాగాక ఎందుకు తాగాడో వాడికే గుర్తుండదుగా అని పక్కపిల్ల. ఆమెకు దాహమేస్తోందా, ఏడుపొస్తోందా అని అడిగి చూడొచ్చు కదా అని ఇంకొక బుడంకాయ. ఆయన ఇవన్నీ ఇంటికి మోసుకెళ్ళి రాత్రుళ్ళు పడుకుని మననం చేసుకునేవాడు. ఏదీ పూర్తిగా సరిపోయేది కాదు. అయినా ఆ సరిపోయే మాట ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారని ఎదురుచూపు.

ఈ ఏడు ఆ ఎదురుచూపంతా ఒక్క పిల్ల మీదే ఉంది. కిటికీ కింద కూర్చుంటుంది కాబట్టి ఆయన మనసులో ఆమె పేరు కిటికీ పిల్ల. గుండ్రంగా కూర్చున్నప్పుడు చివరనేది ఉండదు గానీ, ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటే అదే చివర అనిపించేట్టు కూర్చునేది. నిరుడు వాళ్ళమ్మ పోయింది. అప్పట్నుంచి ఆ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. వంతు వస్తే తల అడ్డంగా ఊపేది. సరే ఉండమ్మా అని ఆయన పక్కకు వెళ్ళేవాడు. ఒత్తిడి చేస్తే ఏదో ఒకటి అంటుంది. ఆ ఏదో ఒకటి ఆయనకు అక్కర్లేదు. ఆ బావి దగ్గర నిజంగా నిలబడి ఉన్నది ఈ తరగతిలో ఆ పిల్ల ఒక్కతే అని ఆయనకు తెలుసు. పీరియడు తీసేస్తే ఆ మాట ఇక ఎప్పటికీ వినలేడు. అదీ బెంగ.

కిందటి వారం కథ చెప్పి బావి దగ్గర ఆపాక, మొహం అలా ఉందేం సార్ అని పిల్లలడిగారు. ఆయన పిల్లలకు అబద్ధం చెప్పడు. అదొక జబ్బు ఆయనకు. వచ్చేవారం చూడటానికి ఇద్దరొస్తారు, వాళ్ళకు నచ్చకపోతే ఈ పీరియడు ఉండదు, నేనూ రాను అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు. పిల్లలు చాపలు చుట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజు పొద్దున్న ఇంట్లో బయలుదేరేటప్పుడు మెట్ల మీద రెండుచోట్ల ఆగాడు. ఎడమ రెక్క కింద ఏదో పట్టేసినట్టుంది. భార్య గుమ్మంలోంచి చూసి, డాక్టరు దగ్గరకెళ్ళమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను అంది. గ్యాసే అన్నాడు. ఈ ఇద్దరూ వచ్చిపోనీ, సాయంత్రమే వెళదామన్నాడు. ఇస్త్రీ చొక్కా భుజం మీద మడత పడితే ఆమె దిగొచ్చి అరచేత్తో రాసి సరిచేసింది. "వాళ్ళ ముందైనా ఒక్క కథ పూర్తిగా చెప్పండి, మీ సొమ్మేం పోదు" అని నవ్వింది. ఆయన కూడా నవ్వి మిగిలిన మెట్లు దిగాడు.

ఉదయం రెండో తరగతి వాళ్ళతో గడిచింది. నీడ మనదా, ఎండదా అని తేలక ఇద్దరు పిల్లలు ఏడ్చారు. క్యారేజీ తెరిచాడు గానీ సయించలేదు. బెంచీలు మళ్ళీ ఒకసారి గోడకు నెట్టి, చాపల అంచులు కాలితో సర్ది, పీట మీద కూర్చున్నాడు. ఆ మనిషి జీవితంలో ఉద్యోగం కోసం ఇంత భయపడింది లేదు.

వచ్చిన ఇద్దరిలో ఒకావిడ, ఒకాయన. ఆవిడ పాఠాల విభాగం చూస్తుందట. మర్యాదస్తురాలు, బల్ల మీద కూర్చోమంటే వద్దని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని చాప మీదే కూర్చుంది. ఆవిడతో వచ్చినాయన మాత్రం అట్టకోట పక్కన నిలబడి ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ప్రిన్సిపాలు గుమ్మంలో. పిల్లలు ఎన్నడూ లేనంత నిటారుగా కూర్చున్నారు. జుట్టు దువ్వుకుని వచ్చారు.

మాస్టారు కథను నాలుగు మాటల్లో గుర్తుచేసి, "అయితే?" అన్నాడు.

లాయరు చెయ్యెత్తాడు. ప్రతిదానికీ అడ్డం తిరుగుతాడని వాడికి ఆ పేరు ఆయనే పెట్టాడు. కాపలావాడు నిజం చెప్పాకే నీళ్ళివ్వాలన్నాడు వాడు. టపాకాయలా మాట్లాడే ఒక పిల్ల లేచి, వాడి మాట చక్కగా చెప్పి, అంతేనా అని అడిగి, నేను ఒప్పుకోను అంది. దాహంతో ఉన్నవాళ్ళకు ముందు నీళ్ళు, తరువాత నిజం అంది. ఆమె మాట ఇంకొకరు, ఆ ఇంకొకరి మాట వేరొకరు అందుకున్నారు. మాట మీద మాట దారం మీద పూస ఎక్కినట్టు ఎక్కుతోంది. ఆయనకు గుండె నిండిపోయింది. గడ్డం అరచేతుల్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని, వచ్చినవాళ్ళ సంగతే మరిచిపోయి విన్నాడు. ఇన్నేళ్ళ నానబెట్టడం ఊరికే పోలేదనుకున్నాడు.

అప్పుడు నత్తిగా మాట్లాడే ఒక పిల్లవాడి వంతు వచ్చింది. లేచాడు. నోరు తెరిచాడు, మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దాహం... దాహం వేస్తే పాపం కదా" అని కూలబడ్డాడు. వాడి పక్కపిల్ల ఏమాత్రం తడబడకుండా లేచింది.

"అతను చెప్పింది ఏమిటంటే, నిజం తెలియకుండా పొందిన సుఖం దొంగసొత్తు లాంటిది. అంతేనా?"

"అంతే," అన్నాడు వాడు, బతికిపోయినట్టు.

చాప మీద కూర్చున్నావిడ ఎంత బాగా చెప్పారని మెల్లగా అంది. మాస్టారి గడ్డం అరచేతుల్లోంచి పైకి లేచింది. వాడు ఆ మాట అనలేదు. అనని మాటను ఆ పిల్ల అప్పజెప్పింది, వాడు అంతే అన్నాడు. ఆయన అప్పుడు చుట్టూ చూశాడు, ఆ రోజు మొదటిసారిగా. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ పెదాలు కూడా లోలోపల అవే మాటలతో కదులుతున్నాయి. లాయరు తొడ మీద చేయి పెట్టుకుని, ఒక్కొక్కరు మాట్లాడి కూర్చోగానే ఒక్కో వేలు ముడుస్తున్నాడు. ఎవరు ఒప్పుకోవాలో, ఎవరు కాదనాలో, ఎక్కడ "నాకొక సందేహం" అనాలో, ఎక్కడ ఆలోచిస్తున్నట్టు ఒక్కక్షణం ఆగాలో అంతా ముందే పంచుకుని వచ్చారు. వారమంతా నానబెట్టమని కథను తనే ఇచ్చాడు కదా.

ఆపొచ్చు. చాలు పిల్లలూ అంటే సరిపోతుంది. కానీ అన్నాక? ఎదురుగా ఫోను, గుమ్మంలో ప్రిన్సిపాలు, చాప మీద కొత్తావిడ. వాళ్ళందరి ముందు ఈ పిల్లలు దొంగలవుతారు. ఎవరికోసం చేశారు ఇదంతా? లాయరు ఇంకొక వేలు ముడిచాడు. కిటికీ కింద ఆ పిల్ల మోకాళ్ళ మీద లేచింది.

వద్దమ్మా అనుకున్నాడు. నిజంగా, దణ్ణం పెట్టినట్టుగా అనుకున్నాడు.

"మా అమ్మ చనిపోయింది," అంది ఆ పిల్ల ఎదురుగోడను చూస్తూ. గొంతు స్పష్టంగా ఉంది, ఒక్క అక్షరం తప్పలేదు. "నాకు ఆ నీళ్ళు దొరికినా నేను తాగను. ఎందుకంటే, బాధ కూడా అమ్మ నాకిచ్చిన ఆస్తే."

కొత్తావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీడియో తీస్తున్నాయన ఒక అడుగు ముందుకేసి ఫోను ఆ పిల్ల మొహానికి దగ్గరగా పెట్టాడు. ఏడాదిగా ఆయన ఎదురుచూసిన గొంతు అది. ఎంత తియ్యగా ఉందో! మాటలు ఎవరివో.

పీరియడు అయ్యాక కొత్తావిడ ఆయనకు రెండు చేతులూ జోడించింది. ఇంత చిన్నపిల్లలు ఇంత లోతుగా మాట్లాడటం తానెక్కడా చూడలేదంది. ఈ పీరియడు తీసేయడమేమిటి, అన్ని బళ్ళలోనూ పెట్టిస్తామంది. ఈ పిల్లల మాటలన్నీ రాయించి, ప్రశ్నలూ జవాబులూ అచ్చువేయించి పంపిస్తే ఏ టీచరైనా చెప్పగలుగుతుందని చెప్పింది. వచ్చేవారం ఇంకా పైవాళ్ళు వస్తారు, ఇదే తరగతి, ఇదే కథ, ఒక్క మాట కూడా మార్చకండి అంది. ప్రిన్సిపాలు మేడమ్ కళ్ళల్లో నీళ్ళు. ఆవిడ నిజంగానే సంతోషించింది. ఆయన అందరికీ తల ఊపాడు.

వాళ్ళు వరండా దాటారో లేదో పిల్లలు మీదపడ్డారు. ఉంటుందా సార్, పీరియడు ఉంటుందా? ఉంటుందన్నాడు. ఒకటే కేకలు. లాయరు ఇక ఆగలేక అంతా చెప్పేశాడు. ఉపన్యాసాల పోటీలకు రాసిచ్చే వాళ్ళత్త మంచి మాటలు అందించిందట. రోజూ బస్సులో వల్లె వేశారట. నోటికి రానివాడికి తినడానికి తెచ్చుకున్నది దక్కదని పందెమట. కిటికీ పిల్లకు అన్నిటికంటే మంచి మాట ఇచ్చారట, ఆ పిల్ల చెబితే ఎవరైనా కరిగిపోతారని. నత్తివాడు ఒక్కడే కొంపముంచబోయాడని వాణ్ణి వెనకనుంచి చిన్నగా మొట్టారు. ఆయన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. అంత ప్రేమ ఆయనకు ఎవరూ చూపించలేదు. బాగా చేశారర్రా అన్నాడు. ఆ గదిలో పిల్లలతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. వాళ్ళు అది కూడా నమ్మి, అరుచుకుంటూ బస్సులవైపు పరుగెత్తారు.

కిటికీ పిల్ల సంచీ జిప్పు పడక వెనకబడింది. ఆయన పీట మీదే ఉన్నాడు. లేవబోతే రెక్క కింద పట్టు ఛాతీలోకి పాకింది. గోడకు జారగిలబడి, కాసిని నీళ్ళుంటే ఇవ్వమ్మా అన్నాడు. ఆ పిల్ల గబగబా సంచీ పక్కనుంచి సీసా తీసి, మూత తిప్పి ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడు. చెమట తుడుచుకున్నాడు. కాస్త నయమనిపించింది.

"ఇందాక నువ్వు చెప్పావు చూడు, అది నీ మాటేనా?"

ఆ పిల్ల తలుపు వైపు చూసింది, లాయరు ఉన్నాడేమోనని. "నాకిచ్చింది అదే సార్."

"మరి నీ మాట?"

ఆయనకు ఎదురుచూడటం కొత్త కాదు. సీసా చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. సీసాకు ఒక చీటీ అంటించి ఉంది, దాని మీద ఆ పిల్ల పేరు, తరగతి, గుండ్రటి అక్షరాల్లో. తడి చేతులు తగిలి తగిలి సిరా పలచబడింది. ఆయన వేలు ఆ అక్షరాల మీద ఉండటం ఆ పిల్ల చూసింది.

"అది మా అమ్మ రాసింది," అంది.

ఎవరూ నేర్పని మాట. గొంతు ఇందాకటిలా లేదు, గీరుకుపోయి ఉంది. ఆయన కదల్లేదు. కదిలితే ఎక్కడ బెదిరిపోతుందోనని సీసాను మెల్లగా కిటికీ గూట్లో పెట్టాడు.

"అయితే?" అన్నాడు చాలా నెమ్మదిగా.

ఆ పిల్ల పెదాలు విడివడ్డాయి. ఇంతలో బయట బస్సు హారను గట్టిగా, ఆపకుండా మోగింది. ఎవరో ఆ పిల్ల పేరు పెట్టి కేకేశారు. "బస్సు వెళ్ళిపోతుంది సార్," అని సంచీ భుజానికి తగిలించుకుని పరుగెత్తింది. వరండాలో చెప్పుల చప్పుడు కొంతదూరం వినిపించి ఆగిపోయింది. ఆయన మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అరచేతుల్లో గడ్డం ఆనించుకున్నాడు.

తలుపులు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ ఆయన్ని అలాగే చూశాడు. ఇంకా ఎవరి మాటో వింటున్నాడనుకుని గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. "మాస్టారూ, పొద్దుపోయింది" అన్నాడు. రెండోసారి పిలిచి, దగ్గరకొచ్చి భుజం తాకాడు. నోరు ఎప్పటిలాగే కొద్దిగా తెరుచుకుని ఉంది.

కబురు తీసుకుని ఆయన భార్య దగ్గరకు మనుషులు వెళ్ళారు. డాక్టరు దగ్గరకు వెళదామని ఆమె అప్పటికే చీర మార్చుకుని కూర్చుని ఉంది. వాళ్ళు చెప్పింది విన్నాక, లేచి లోపలికెళ్ళి కుట్టుమిషను మీద గుడ్డ కప్పి వచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

ఒక రోజు బడికి సెలవిచ్చారు. మరుసటి వారం పైవాళ్ళు వచ్చారు. లెక్కల టీచరు తన గదిలోనే కుర్చీలో కూర్చుని, అచ్చుకాగితం చూసి కథ చదివింది. బెంచీలు జరపాల్సిన పని లేకపోయింది. ఈసారి నత్తివాడు కూడా తడబడలేదు. కిటికీ పిల్ల లేచి నిలబడి, మా అమ్మ చనిపోయింది అంటూ మొదలుపెట్టి తన మాట తప్పు లేకుండా అప్పజెప్పింది. ఆఖర్న రెండో మాట కూడా చేర్చారు, మా మాస్టారు కూడా చనిపోయారు అని. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళత్త రాసిచ్చిన ఆ మాట లాయరుకు ఎందుకో నచ్చలేదు గానీ, ఎందుకు నచ్చలేదో అడిగేవాళ్ళు లేరు.

ఆ పిల్ల వరండా చివరకు మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళ నాన్న వేరే సీసా కొనిచ్చాడు. తాళం వేసిన ఆ గదిలో, కిటికీ గూట్లో, మూత తీసిన పాత సీసా మీద ఎండ పడుతూ ఉంది. చీటీలో సగం అక్షరాలు పోయాయి, మిగిలిన సగం ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.